రాగి గ్రీజు

వ్యాను స్టీరింగు వెనక అతికించి ఉన్న నల్ల బొట్టుబిళ్లను బేబీ గోటితో లేపింది. దాని కింద పసుపు రంగు ఇంజను హెచ్చరిక దీపం వెలుగుతోంది.

"దేవొదిన పనేనా అన్నా ఇది?"

"దిష్టి కన్నునాగున్నాది, నిన్నే సూస్తన్నాది అని అతికించీసింది," అన్నాడు కూర్మయ్య, పెళ్లాం మాట చెప్పి సిగ్గుపడుతూ. భావనపాడు చేపల్ని విజయనగరం మార్కెట్టుకు తోలే మనిషి. దీపాన్నయితే దాచారు గానీ, బండి తాగే పెట్రోలునూ కక్కే నల్లపొగనూ ఏ బొట్టుతో దాస్తారు? బేబీ నవ్వాపుకుని, బిళ్లను పక్కనున్న గ్రీజు డబ్బా మూతకి అంటించింది.

నెల్లిమర్ల జూట్ మిల్లు దాటాక ఉన్న ఈ రేకుల షెడ్డు ఆమె భర్త పాల్ మేస్త్రిది. వానాకాలంలో పాల్ పోయాడు. ఆ తర్వాత గిరాకీలు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆడమనిషి బండి కింద దూరడమేమిటని వాళ్ల బాధ. మరిది రాబర్ట్ మిల్లులో పని చూశాడు, రేపే చేరమంటున్నాడు. ఈ వ్యాను బాగుపడితే షెడ్డు, లేకపోతే మిల్లు అని బేబీ తనలో తాను పందెం వేసుకుంది.

పోయింది ఆక్సిజన్ సెన్సార్. పొగగొట్టానికి మరతో బిగించి ఉండే వేలెడంత ముక్క. పొగ వాసన చూసి ఎంత తాగాలో ఇంజనుకు చెప్పే ముక్కు అనేవాడు పాల్.

"ఉప్పునీళ్లు కారే బండి, ఇప్పితే ఇరిగిపోతాది, పైపంతా మార్చాలన్నారు టెక్కలిలో," గొణిగాడు కూర్మయ్య.

"ఇరిగితే నా పూచీ."

ఆమె బండి కిందకి జారింది. తుప్పు పెచ్చులు మొహం మీద రాలాయి. పెళ్లైన నాటి నుంచీ పాల్ ఇలా పడుకుని చేయి చాచేవాడు, అడక్కముందే ఆ చేతిలో స్పానరు పెట్టేది బేబీ. ఇప్పుడు చేయి తనది, అందించే మనిషే లేడు. అందుకే సామానంతా ముందే పక్కన పేర్చుకుంది.

తుప్పు నూనె కొట్టి, నానబెట్టి, స్పానరు తొడిగి, ప్రభువును తలచుకుని లాగింది.

కటక్కుమంది.

విరగలేదు. కదిలింది. ఆ తర్వాత వేళ్లతో తిప్పుతుంటేనే వచ్చేసింది. పైనంతా తుప్పు, లోపల మర మాత్రం రాగి రంగులో నిగనిగలాడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. ఈ బండికి ఇదివరకు సెన్సార్ మార్చింది పాల్ మేస్త్రే. మర తుప్పుకి పట్టేయకుండా రాగి గ్రీజు తీరిగ్గా రాస్తుంటే తను విసుక్కుంది కూడా.

"ఆ మరలో ఎవులు సూస్తారయ్యా?"

"ఇప్పేవోలు సూస్తారే."

బండి కింద బేబీకి నవ్వూ ఏడుపూ కలిసి తన్నుకొచ్చాయి.

"ఏటైనాది సెల్లీ? ఇరిగిపోనాదేటి?" కూర్మయ్య వంగి చూశాడు.

"నేదన్నా. మీ పాల్ బావే ఇప్పీసాడు."

కొత్త సెన్సార్ మొనకి అంటకుండా, మరకి మాత్రమే గ్రీజు పూసి బిగించింది. స్కానరు పెట్టి, బండి గుర్తుపెట్టుకున్న పాత తప్పు చెరిపేసి, బండి స్టార్టు చేసింది. పొగ తేలికపడింది. దీపం మళ్లీ వెలగలేదు.

అంతలో కూర్మయ్య ఫోను మోగింది. "ఆఁ, బండి పనైపోనాది. మేస్త్రి దగ్గిరే ఉన్నాను... ఏ మేస్త్రేటి? బేబీ మేస్త్రి!"

మేస్త్రి అన్న పిలుపు ఇన్నాళ్లూ ఇంట్లో ఒక్కరిదే.

"దేవొదిన బొట్టు మరిసిపోతన్నావు అన్నా."

"దీపమే నేదు, ఇంక బొట్టెందుకు? నీకాడే ఉండనీ."

వ్యాను రోడ్డెక్కి మలుపు తిరిగింది. మిల్లు సైరను మోగింది. బేబీ రాబర్ట్‌కి ఫోను చేసింది. "నాను మిల్లుకి రానయ్యా. పొద్దున్నే షెడ్డు తీయాల." అవతల అతను ఏదో అంటుండగానే పెట్టేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

బల్ల మీద గ్రీజు డబ్బా, పక్కనే నల్ల బొట్టున్న మూత. గ్రీజులో పాల్ వేలు తీసిన లావు గాడి అలాగే ఉంది, దాని పక్కన సన్నటి వేలి గాడి ఒకటి కొత్తగా పడింది.