ఇటుక రంగు ప్లగ్గు

పాడేరుకు ఎగువన గుమ్మడిగుడలో కాఫీ పళ్ల తొక్క తీసే మిషనును రత్న చూసుకునేది. రెండువేల మూడులో ఊరి సంఘానికి ఆ మిషనూ, దాన్ని తిప్పే చిన్న పెట్రోలు ఇంజనూ వచ్చాయి. తాడు లాగి స్టార్టు చేయడానికి మగవాళ్లు పోటీపడ్డారు గానీ, సాయంత్రం ఇంజను తుడవడానికి రత్న ఒక్కతే మిగిలేది. అలా అది ఆమె పనైపోయింది.

తొలి పంటలోనే ఇంజను నల్లపొగ వదులుతూ ఆగిపోవడం మొదలుపెట్టింది. దాన్ని కొండ దించడం కష్టం. రత్న స్పార్క్ ప్లగ్గు విప్పి, గుడ్డలో చుట్టి, జీపు నడిపే భీమన్న చేత పాడేరులోని మెకానిక్కు సన్యాసిరావుకు పంపింది. సాయంత్రానికి ప్లగ్గూ, కబురూ తిరిగొచ్చాయి.

"మూతి పొయ్యి మసిలాగ నల్లగుంది, ఇంజనుకి గాలి సాల్లేదన్నాడు," అన్నాడు భీమన్న. "ఎయిర్ ఫిల్టరు కడగమన్నాడు. బాగున్న ఇంజనుకైతే ప్లగ్గు ఇటుక రంగులో ఉంటాదంట. ఇకమీదట నువ్వే సూసుకోవచ్చన్నాడు."

ఫిల్టరు నిండా దుమ్మే. కడిగి ఆరబెట్టి బిగించాక పొగ పోయింది. కొన్నాళ్లకు ప్లగ్గు విప్పితే మూతి లేత ఇటుక రంగుకు తిరిగింది. రత్న దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకుంది.

మరుసటి పంటలో ఒకరోజు ఊరంతా కోసుకొచ్చిన పళ్లు మిషను దగ్గర గుట్టపడ్డాయి. ఆ రోజే తొక్క తీయకపోతే పాడైపోతాయి. ఇంజను స్టార్టవుతోంది గానీ, బెల్టు మీద బరువు పడగానే మూలిగి ఆగిపోతోంది.

"ఇంజను పనైపోయింది," అన్నాడు రత్న మామ ఫల్గుణ. సంఘానికి ఆయనే పెద్ద. "బేగి ఇప్పండి. పాడేరు పంపేద్దాం."

"ఉండు మావా," అంటూ రత్న ప్లగ్గు విప్పింది. ఇటుక రంగే. "ఇంజనుకి ఏటీ కాలేదు. సూడు."

"మరెందుకు ఆగిపోతంది?"

తన మాట తప్పైతే అందరి పళ్లూ పాడవుతాయని రత్నకు భయమేసింది. ప్లగ్గు మళ్లీ బిగించి, బెల్టు తీసేసి, ఇంజనును ఒక్కదాన్నే నడిపింది. చక్కగా తిరిగింది. దాన్ని ఆపి, మిషను చక్రాన్ని చేత్తో తిప్పబోయింది. కదల్లేదు. ఫల్గుణ వచ్చి బలంకొద్దీ తిప్పినా కదల్లేదు.

మిషను విప్పితే, ఇరుసు చుట్టూ పాత తొక్కలూ జిగురూ ఎండి రాయిలా బిగుసుకుని ఉన్నాయి. వేడినీళ్లు పోసి, గోకి, గ్రీజు పెట్టారు. ఈసారి తాడు ఫల్గుణే లాగాడు. పళ్లు పోసినా ఇంజను ఆగలేదు.

"ఇకమీదట ఇంజను మీద సెయ్యెయ్యాలంటే ముందు రత్ననడగండి," అన్నాడాయన, అందరికీ వినబడేలా.

పొద్దు గూకేలోపే గుట్ట కరిగిపోయింది. రత్న చేతులకంటిన జిగురు కడుక్కుని, అత్త తెచ్చిన రాగి అంబలి తాగి, గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లంతా నొప్పులే. అయినా ఇంటికి వెళ్లాలనిపించలేదు. తొక్క తీశాక తొట్టిలో నానుతున్న కాఫీ గింజలను చూస్తూ, పక్కనున్న ఆడవాళ్ల కబుర్లు వింటూ అక్కడే హాయిగా కూర్చుండిపోయింది.