ఫ్రీజర్‌లో పెట్టిన సీసా

"ఒక్కరోజు సెలవు పెడితే నీ కణాలేమైనా బెంగ పెట్టుకుంటాయా?" అన్నాడు మా ఆయన, నేను అత్తయ్య మాత్రలు డబ్బాలో సర్దుతుంటే. ఆవిడకి గుండె రక్తనాళాల్లో పూడిక. ఏ పూట ఏ మాత్రో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. మిగతావాళ్ళు నేర్చుకోలేదు, నేనున్నానుగా. ఈరోజు మాత్రం అంతా డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి వచ్చాను.

ల్యాబ్‌లో నా పనీ ఆ పూడిక గురించే. రక్తనాళం లోపలి పొర కణాల్లో వాపు పెంచే జన్యువొకటుంది. దాని నోరు మూయించే మందును కంటికి కనపడనంత చిన్న కొవ్వు బుడగల్లో పెట్టి అక్కడికి పంపాలి. ఏది పంపినా దారిలో కాలేయం లాగేసుకునేది, మా ఇల్లు నా ఆదివారాలను లాగేసుకున్నట్టు. కొవ్వుల పాళ్ళు నలభై మూడోసారి మార్చాక బుడగలు చేరాల్సిన చోటికి చేరాయి. ఆ పాళ్ళు నావి. మా ల్యాబ్ నడిపే సార్ రాసిన పరిశోధన వ్యాసంలో నా పేరు చివర్న కృతజ్ఞతల్లో ఉంది. అడిగితే, "ఇల్లూ పిల్లలూ ఉన్నదానివి, నీకెందుకమ్మా ఈ పేర్ల గొడవ?" అన్నారు. ఒళ్ళు మండిపోయింది.

ఈ బుడగలు ఊరికే గడ్డకట్టిస్తే పాడైపోతాయి, ఉండలు కడతాయి. ఎన్నిసార్లు చెప్పినా సార్ తలకెక్కదు. భద్రమనుకుని ఫ్రీజర్‌లో పెట్టేస్తారు. నేను చప్పుడు చేయకుండా కొత్తవి చేసి, ఆయన పేరున్న చీటీ అంటించి పెడతాను. మూడేళ్ళుగా ఇదే తంతు. ఈ పొద్దున కూడా చేశాను, చీటీ మాత్రం అంటించలేదు.

పని చూడటానికి పై ఆఫీసు నుంచి ముగ్గురొచ్చారు. "ఫ్రీజర్‌లో నా సీసా పట్రా అమ్మా. అలాగే టీ సంగతీ చూడు" అన్నారు సార్.

సీసా తెచ్చి, అరచేతిలో కరిగించి, బల్ల మీద పెట్టాను. అడుగున తెల్లటి ఉండలు.

"ఇదేంటి, ఇలా ఉంది?" అంది వచ్చినవాళ్ళలో పెద్దావిడ. సార్ నా వైపు చూశారు, ఎప్పటిలా సర్దేస్తానని.

"అది సార్ ఫ్రీజర్‌లో పెట్టింది, పాడైపోయిందండీ. ఇది పొద్దున నేను చేసింది. పాళ్ళన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి, చూడండి." చీటీ లేని నా సీసా, నోటుబుక్కు ఆవిడ ముందు పెట్టాను. బ్యాగులో ఫోన్ మోగుతోంది. మాత్రల గురించే అయ్యుంటుంది. తీయలేదు.

ఆవిడ పేజీలు తిప్పి తిప్పి, నా సీసా ఎత్తి చూసింది. "మరి దీని మీద చీటీ లేదేం?"

సొరుగులోంచి చీటీ తీసి, మొదటిసారి నా పేరు రాసి అంటించాను.