నోటితో నడిచే పంపు

మ్యూరియల్ టాకబెరీకి పంపు స్టార్ట్ చేయడం రాదు. కోల్డ్‌స్పూన్ సరస్సుకు పన్నెండేళ్లుగా మంటలార్పే జట్టు కెప్టెన్ ఆవిడే. రెండో సంగతి సరస్సు చుట్టూ ఉన్న పన్నెండు కాటేజీల వాళ్లకూ తెలుసు. మొదటిది తనకొక్కదానికే తెలుసని ఆవిడ నమ్మకం.

ఆ కాటేజీల దాకా రోడ్డు లేదు. ఊళ్లో ఫైరింజన్ బయల్దేరి, అవతలి ఒడ్డున ఆగి, మనుషులు పడవలెక్కి వచ్చేసరికి కాటేజీ బూడిదవుతుంది, ఆ బూడిద చల్లారుతుంది కూడా. అందుకే అందరూ కలిసి ఓ ఎర్ర పంపు తెప్పించుకున్నారు. కెప్టెన్‌గా ఎవరుంటారని మీటింగులో అడిగినప్పుడు అందరూ ఎవరి చెప్పుల వంక వాళ్లు చూసుకున్నారు. మ్యూరియల్ మాత్రం, పాపం, తలెత్తి ఉంది.

మంటలార్పే తొలి కసరత్తుకు ముందు రోజు ఆవిడ ఒంటరిగా పంపు తాడు లాగి చూసింది. నలభైసార్లు లాగింది. అది ఉలకలేదు, పలకలేదు. భుజం మాత్రం వేసవంతా పట్టేసింది. ఎవరినైనా అడగొచ్చు. కానీ సరేనని తలూపి వారం తిరక్కుండానే ‘నాకు చేతకాదు’ అని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? అప్పుడు సరస్సు నియమం గుర్తొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా అక్కడ ఎవరూ మోటారు తిప్పకూడదు. తెడ్లు వేసుకుంటూ తిరగాలి, లూన్ అనే నీటిపక్షుల కూత వినాలి. కసరత్తును ఆవిడ ఆదివారం పొద్దున పదింటికి మార్చేసింది.

“పంపు తిప్పలేం కదా మరి,” అంది, ఎంతో బాధపడుతున్నట్టు. “ఎవరైనా నోటితో మోత చెయ్యండి.”

ఆ పని హోలిస్ తీసుకున్నాడు. ముప్పయ్యేళ్లు పళ్ల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. మోటారు మోతలో ఆయన్ని మించినవాళ్లు లేరు.

అలా ఏటా కసరత్తు జరిగిపోయింది. గంట కొట్టగానే జనం తెడ్లేసుకుంటూ వస్తారు. గొట్టం పరుస్తారు. హోలిస్ పంపు పక్కన కూర్చుని బుర్రుమంటాడు. ఖాళీ గొట్టం పట్టుకుని ఓ నలుగురు, నీళ్ల జోరుకు తూలుతున్నట్టు తూలుతారు. పక్క కాటేజీ వెర్నా గడియారం పట్టుకుని ఎన్ని నిమిషాలైందో అరుస్తుంది. ఆ తర్వాత అందరూ తెచ్చుకున్న గిన్నెలు విప్పుకుని భోంచేస్తారు. నిజం చెప్పాలంటే చాలామంది వచ్చేది వెర్నా చేసే తియ్యటి బటర్ టార్టుల కోసమే.

ఈ ఏడు మ్యూరియల్‌కు ఓ సరదా పుట్టింది. కాస్త పొగ ఉంటే కసరత్తుకు కళ వస్తుందనుకుంది. కసరత్తు రోజు పొద్దున తన అతిథుల చెక్కగది పక్కన ఇనప తొట్టెలో తడి కొమ్మలు వేసి అంటించింది. గాలి తిరిగింది. నిప్పురవ్వ ఎగిరి గది కప్పు మీది ఎండు పైన్ ఆకుల్లో పడింది. కప్పుల మీద ఆకులు ఊడ్చుకోండని ఏటా ఇంటింటికీ కాగితాలు పంచేది ఆవిడే. తన కప్పు ఊడ్చుకునే తీరిక మాత్రం ఆవిడకు చిక్కలేదు.

ఆ గదికీ, నలభై వేసవులు గడిపిన తన ఇంటికీ మధ్య రెండు బారల దూరం కూడా లేదు. పరిగెత్తి గంట కొట్టింది. జనం వచ్చారు, ఒళ్లో గిన్నెలతో.

“అబ్బబ్బ, ఈసారి ఏం పెట్టావే మ్యూరియల్!” పడవ దిగుతూనే వెర్నా మెచ్చుకుంది. “అచ్చం నిజం మంటే!”

“నిజం మంటే! కప్పు అంటుకుంది!”

“ఆ గొంతు చూడు, వణుకు కూడా వచ్చేసింది. నువ్వు నాటకాల్లో ఉండాల్సిన దానివి.”

“నాటకం కాదు తల్లీ, నీకు దణ్ణం పెడతాను!”

ఎవరూ వినలేదు. గొట్టం చకచకా పరుచుకుంది. హోలిస్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నలుగురూ ఖాళీ గొట్టాన్ని మంట కేసి గురిపెట్టి చక్కగా తూలారు. ఒక్కరూ తప్పు చేయలేదు. ఆవిడ నేర్పింది నేర్పినట్టు చేస్తున్నారు. తిడదామంటే తిట్టడానికేముంది?

“నాలుగు నిమిషాల పది సెకన్లు!” వెర్నా ఎగిరి గంతేసింది. “మన రికార్డు ఇదే!”

గది కప్పు ఫెళ్లున విరిగి లోపలికి పడింది. ఇంటి గోడ నల్లబడసాగింది. అప్పటికి గానీ నవ్వులు ఆగలేదు. అందరూ కెప్టెన్ వంక చూశారు.

ఇల్లు పోయినా ఫరవాలేదు, ఈ మాట అనకుండా ఉంటే చాలని ఒక్క క్షణం మ్యూరియల్‌కు నిజంగానే అనిపించింది. తర్వాత గోడ చూసింది.

“నాకు పంపు స్టార్ట్ చెయ్యడం రాదు!” అని కేకేసింది. “ఎప్పుడూ రాలేదు! పన్నెండేళ్లుగా మిమ్మల్ని మోసం చేస్తున్నాను!”

హోలిస్ బుర్రుమనడం ఆపాడు.

“అది మాకు మొదటి ఏడే తెలుసమ్మాయ్,” అన్నాడు మెల్లగా. “నువ్వు తాడు లాగిన సాయంత్రం నేను మా రేవు మీదే కూర్చుని ఉన్నాను. అందరికీ చెప్పాను కూడా.”

“మరి నాతో ఒక్కరూ అనలేదేం?”

“అంటే నువ్వు మానేస్తావు. నువ్వు మానేస్తే మాలో ఎవరో ఒకరు కెప్టెన్‌గా ఉండాలి కదా. ఆ పంపు మాకూ రాదు.”

ఆవిడకు సిగ్గు పోయి కోపం వచ్చింది. అది పనికొచ్చింది. వెర్నా చేతిలోంచి సలాడ్ గిన్నె లాక్కుని, బంగాళాదుంపలు నేలపాలు చేసి సరస్సులో ముంచింది. “గిన్నెలన్నీ ఖాళీ చెయ్యండి! వరసలో నిలబడండి! టార్టుల డబ్బా కూడా, వెర్నా, నా వంక అలా చూడకు!” జనం వరస కట్టారు. సలాడ్ గిన్నెలతో, టార్టుల డబ్బాతో, ఐసు పెట్టెలతో గంటసేపు నీళ్లు పోశారు. అతిథుల గది నేలమట్టమైంది. ఇల్లు మాత్రం ఒక గోడ మాడినా నిలబడింది.

తడిసి ముద్దయి అందరూ గడ్డి మీద కూలబడ్డారు. కాసేపటికి హోలిస్ చెయ్యెత్తాడు. “కెప్టెన్‌గా మళ్లీ మ్యూరియలే ఉండాలని నా మాట.” చకచకా అన్ని చేతులూ లేచాయి.

“ఉంటాను,” అంది మ్యూరియల్, మొహం మీది మసి తుడుచుకోకుండానే. “రేపు తొమ్మిదింటికి ఊళ్లోంచి మెకానిక్‌ను పిలిపిస్తున్నాను. అందరూ వచ్చి పంపు నేర్చుకోవాలి.”

చేతులన్నీ దిగిపోయాయి. ఒకరికి పంటినొప్పి, ఒకరికి చుట్టాలు, వెర్నాకు నడుము. ఎవరి చెప్పుల వంక వాళ్లు చూసుకున్నారు.

“రాకపోతే మానండి,” అంది ఆవిడ. “బలవంతం లేదు. మీ ఇల్లు అంటుకున్న రోజు మాత్రం మేమందరం వస్తాం. ఇవాళ నా ఇంటికి మీరెలా వచ్చారో అలాగే వస్తాం.”

సోమవారం ఎనిమిదిన్నరకల్లా ఆవిడ రేవుకు పదకొండు పడవలు కట్టి ఉన్నాయి.