ఏనుగు చెవిలో చెప్పిన మాట

జిగురు కాస్త పలచనైంది. అట్టలమ్మ గిన్నెలో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసి, ఇంకో చిటికెడు పిండి కలిపింది. కిటికీ పక్కన పొడుగాటి బల్ల, దాని మీద చిరిగిన బొమ్మల పుస్తకాలు, నున్నటి నల్లరాయి ఒకటి. అతికించిన పుస్తకాల మీద బరువుకి ఆ రాయే పెడుతుంది. పొట్టి మనిషి, స్టూలు మీద కూర్చుంటే కాళ్ళు నేలకి అందవు. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే దారం చుట్టి పెట్టుకుంది. ఊళ్ళో పిల్లలందరి పుస్తకాలూ బాగుచేసే మనిషికి తన కళ్ళద్దాలు బాగుచేయించుకునే తీరిక ఏనాడూ దొరకలేదు.

ఆవిడకీ ఒక పేరుండేది గానీ, ఈ పిల్లల లైబ్రరీలో అడుగుపెట్టిన ఏడే అది అటకెక్కింది. అట్టలు వేస్తుంది కాబట్టి అట్టలమ్మ. బైండింగు పని భర్త దగ్గర నేర్చుకుంది. ఆయన రోజూ పొద్దున్నే సిగరెట్టు మానేస్తానని ఒట్టు వేసేవాడు; మధ్యాహ్నానికల్లా ఒట్టు తీసి గట్టు మీద పెట్టేవాడు. ఈవిడ ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. మర్నాడు మళ్ళీ ఒట్టు వేయనిచ్చేది. పోయేముందు ఆఖరి ఏడాది ఆయన నిజంగానే మానేశాడు. దగ్గుకి భయపడి మానేశాడన్నారు అందరూ. అన్నిసార్లు అతికిస్తే ఏదైనా అంటుకుంటుందిలే అనుకుంది ఆవిడ. ఇప్పుడు తమ్ముడింట్లో వెనకగదిలో ఉంటోంది. మరదలు మంచిదే, కాకపోతే నోరు పెద్దది.

కథలు చెప్పే టీచరమ్మ మానేశాక, సాయంత్రాలు బొమ్మలు చూపిస్తూ కథ చెప్పే పనీ ఈవిడ నెత్తినే పడింది. పడితే పడింది, దానికో ఆచారం కూడా తగిలించింది. కథ అయ్యాక, ఇష్టమున్న పిల్లలు తమకి నచ్చిన బొమ్మ చెవిలో ఒక మాట ఇవ్వాలి. ఏం మాట ఇచ్చారో ఎవరూ అడగకూడదు. ఆ కాసేపూ మిగతావాళ్ళంతా, అట్టలమ్మతో సహా, గోడవైపు తిరిగి నిలబడాలి.

ఆ మధ్యాహ్నం లైబ్రేరియన్ ఒక పుస్తకం తెచ్చి బల్ల మీద పడేశాడు. వరదలో, తనని ఎప్పుడూ వెక్కిరించే కోతినే వీపుమీద మోసుకొచ్చిన ఏనుగు కథ అది. ఏనుగు బొమ్మ నిలువునా చిరిగిపోయి ఉంది, సరిగ్గా చెవి మధ్యలోంచి.

"చూశారా మీ పిడుగు నిర్వాకం! దీన్ని పారేద్దాం. ఆ పిల్లని రేపట్నించి గడప తొక్కనివ్వొద్దు."

పిడుగు అంటే పక్కవీధి పిల్ల. మాటకన్నా ముందు చెయ్యి లేస్తుంది. అట్టలమ్మకి ఆ పిల్లంటే ప్రాణం.

"పుస్తకం నేను అతికిస్తాను. పిల్లకి నేను పూచీ."

"ఎన్నాళ్ళు పూచీ ఉంటారమ్మా?"

"ఉన్నన్నాళ్ళు."

"సరే. ఇంకొక్క కాగితం చిరిగిందంటే మాత్రం మీరు చెప్పినా వినను," అని ఆయన వెళ్ళిపోయాడు.

సాయంత్రం పిడుగు కథకి రాలేదు. పిల్లలంతా వెళ్ళాక చూస్తే తలుపు వెనకాల గోడకి అంటుకుపోయి ఉంది.

"రావే, ఈ అంచు పట్టుకో. నాకు రెండే చేతులు."

పిల్ల వచ్చి పట్టుకుంది. అట్టలమ్మ కుంచెతో జిగురు రాస్తుంటే, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఎవ్వర్నీ కొట్టనని ఏనుక్కి చెప్పా. చెల్లి నా పెన్సిలు విరగ్గొట్టింది. కొట్టేశా. ఇక్కడికొస్తే ఏనుగు నావైపే చూస్తోంది. అందుకే చింపేశా."

అట్టలమ్మకి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఏదీ పైకి రానివ్వలేదు.

"ఇప్పుడు దానికి వినపడదు కదా?"

"అతికిస్తున్నాగా, వినపడుతుంది."

"మచ్చ ఉంటుందా?"

"ఉంటుంది. ఉంటే ఏం? అతికించిన చోటే గట్టిగా ఉంటుంది, తెలుసా."

పుస్తకం మూసి, రాయి ఎత్తి పైన పెట్టింది. పిల్ల వెంటనే తీసి చూడబోయింది.

"ఆగు! ఇప్పుడు తీస్తే ఊడి చేతికొస్తుంది. తెల్లారేదాకా బరువు కిందే ఉండాలి. రేపు నీ ముందే రాయి తీస్తా. అప్పుడు మళ్ళీ మాటిద్దువుగాని."

"ఒట్టు?"

ఇంతమంది చేత ఒట్లు వేయించింది గానీ, ఇన్నేళ్ళలో ఆవిడని ఎవరూ ఒట్టు అడగలేదు.

"ఒట్టు," అంది.

ఇంటికెళ్ళి నాలుగు ముద్దలు తిని, "రేపు కాస్త పెందలాడే లేపమ్మా, పనుంది," అని మరదలికి చెప్పి పడుకుంది. పొద్దున్నే మరదలు టీ గ్లాసుతో వచ్చి పిలిచింది. పలకకపోతే భుజం పట్టి కదిపింది. భుజం చల్లగా ఉంది. అంత నోరున్న మనిషి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సాయంత్రం శ్మశానం నుంచి తిన్నగా వచ్చి లైబ్రేరియన్ లైబ్రరీ తాళం తీశాడు. మెట్ల మీద పిడుగు కాచుకుని ఉంది. గడప తొక్కనివ్వొద్దన్న మనిషే పక్కకి జరిగి దారిచ్చాడు.

"అట్టలమ్మ ఇంక రారమ్మా. రాత్రి నిద్రలోనే పోయారు."

"రాయి తీస్తానన్నారు. ఒట్టేశారు!"

పిల్ల పిడికిళ్ళు బిగిసిపోయాయి. మొహం ఎర్రబడింది. బల్లమీదున్న పుస్తకాలన్నీ ఇప్పుడు గాల్లోకి లేస్తాయనుకున్నాడాయన. చెయ్యి పైకి లేచింది కూడా. లేచి, అక్కడే ఆగింది. తర్వాత వేళ్ళు నెమ్మదిగా విడివడ్డాయి.

ఆయన రాయి తీయబోయాడు.

"మీరొద్దు. ఆవిడ బదులు నేను తీస్తా."

రెండు చేతులా కావలించుకుని రాయి ఎత్తి పక్కన పెట్టింది. పుస్తకం తెరిచింది. ఏనుగు చెవి మీద సన్నటి గీత ఉంది, అంతే. పిల్ల ఆ గీతని వేలితో తడిమి, తలెత్తి ఆయనవైపు చూసింది.

లైబ్రేరియన్ గబుక్కున గోడవైపు తిరిగాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం పిల్లకి కనిపించలేదు. పిల్ల ఏనుగు చెవిలో ఏం చెప్పిందో ఆయనకి వినిపించలేదు.

బల్లమీద, ఇద్దరి మధ్యా, నల్లరాయి మిగిలింది. ఎత్తేటప్పుడు పట్టుకునే చోట, ఎండిన జిగురుతో ఒక బొటనవేలి ముద్ర ఉంది.