చెమ్మ గోడ కేసు

లా కాలేజీలో ఆవిడ పేరు కత్తెర మేడం. పిల్లలు రాసుకొచ్చిన వాదనల్లోంచి అక్కర్లేని వాక్యాలన్నీ కచకచా కోసిపారేస్తుంది కనక ఆ పేరు పెట్టారు. ముఖం మీద ఎవరూ అనరు. అయినా ఆవిడకి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా. సగం వారం కాలేజీలో పాఠాలు చెబుతుంది, సగం వారం పిల్లల ఆసుపత్రిలో, ఎక్స్‌రే గది పక్కన కిటికీ లేని ఒక గదిలో కూర్చుంటుంది. మందులు ఎన్ని వాడినా తగ్గని జబ్బు వెనక పాడుపడ్డ ఇల్లో, పీకేసిన కరెంటో ఉందని అనుమానం వస్తే డాక్టర్లు ఆ కుటుంబాన్ని ఈ గదికి పంపుతారు. అక్కడ లా విద్యార్థులు వాళ్ళ గోడు విని, కేసు తయారుచేసి, అవసరమైతే అద్దె ఇళ్ళ తగాదాలు తేల్చే ట్రిబ్యునల్ ముందు నిలబడి వాదిస్తారు. పక్కన మేడం ఉంటుంది.

ఉంటుందంతే, నోరు విప్పకూడదు. విద్యార్థి వాదిస్తున్నప్పుడు గురువు లేచిందంటే కేసు గురువు చేతికి వచ్చేసినట్టే. ఆ విద్యార్థి ఇక ఆ కేసులో లేవడానికి వీల్లేదు. ట్రిబ్యునల్ పెట్టిన రూలు అది. ముక్కు మీద కోపం ఉన్న మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా చెప్పండి!

ఆ రోజు వాదించడానికి లేచింది తుపాను. ఆఖరి సంవత్సరం పిల్ల. నోరు తెరిస్తే ఆగదు కనక క్లాసంతా కలిసి ఆ పేరు ఖాయం చేశారు. తుపాను వెనక కుర్చీలో ఒక తల్లి కూర్చుంది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. ఆమె ఒళ్ళో ఐదేళ్ళ కొడుకు, వాడి చేతిలో చక్రం ఊడిన బొమ్మ కారు. వాడికి ఉబ్బసం. ఆసుపత్రిలో నాలుగు రోజులుంటే కులాసాగా తిరుగుతాడు, ఇంటికెళ్తే మళ్ళీ ఎగశ్వాస మొదలు. వాడు పడుకునే మంచం పక్క గోడలో పైపు పగిలి గోడంతా చెమ్మ, నల్లటి బూజు. అద్దెకిచ్చిన ఇంటాయన బాగు చేయించడు, గట్టిగా అడిగితే ఖాళీ చెయ్యమంటాడు.

ఈ సంగతి ఆ తల్లి ఊరికే చెప్పలేదు. డాక్టరు ఎన్నిసార్లు అడిగినా "ఇల్లు బాగానే ఉందండీ" అనేది. ఇదివరకు వాళ్ళున్న వీధిలో, ఇల్లు బాగాలేదని ఎవరో అధికారులు వచ్చి ఒక చంటిపిల్లని తీసుకుపోవడం ఆమె కళ్ళారా చూసింది. అప్పట్నించీ ఇల్లన్న మాటెత్తితే చాలు, పెదవి బిగించేస్తుంది. అలాంటి మనిషి చేత తుపాను మాట్లాడించింది. ఫ్యాక్టరీ బయట టీ తాగుతూ, వాడికి ఇన్‌హేలర్ పట్టడంలో సాయం చేస్తూ, అక్కా అక్కా అంటూ వెంటపడి మాట్లాడించింది. "వాణ్ణి ఎవరూ తీసుకెళ్ళరక్కా, నాదీ పూచీ" అంది. అప్పుడు చూపించింది ఆ తల్లి, మంచం పక్కకి జరిపి, ఆ గోడని.

ఆ వాదనకి రిహార్సళ్ళు ఖాళీ క్లాసురూములో జరిగాయి. ఇంటాయన లాయరు వేషం మేడమే కట్టింది. ఆ వేషం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. తుపానుతో చెడుగుడు ఆడేసింది. "నీ మాటకి ఆ గోడ వాసన విచారణాధికారి ముక్కుకి తగలాలి. ఇంకా గట్టిగా చెప్పు!" అని అరిచింది. చివరి రిహార్సల్‌లో తుపాను వాదన విని పక్కనున్న పిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. మేడం ఒక్క వాక్యం కూడా కోయలేదు. అది చరిత్ర!

ట్రిబ్యునల్ గదిలోనూ తుపాను అలాగే చెప్పింది. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటుంటే విచారణాధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి మరీ విన్నాడు. డాక్టరు వచ్చి ఊపిరితిత్తుల సంగతి చెప్పి వెళ్ళాడు. ఇంటాయన పక్కనుంచి ఆయన లాయరు లేచి పాత పాటే పాడాడు. గోడకేం లోపం లేదట, ఆవిడ ఇంట్లో తడిబట్టలు ఆరేస్తుందట, బూజు దాని వల్లేనట. తుపాను వెంటనే అందుకుంది.

"సార్, ఆ గదిలో బిడ్డకి ప్రతి రాత్రీ గండమే. ఇంకొక్క రాత్రి ఆ గోడ పక్కన పడుకోబెట్టడమంటే వాడి ప్రాణంతో చెలగాటమాడటమే!"

మేడం గుండె ఉప్పొంగింది. సరిగ్గా అప్పుడు గదిలో ఓ మూలనుంచి ఒక గొంతు వినిపించింది.

"సార్, నేనొక మాట చెప్పాలి."

పిల్లల సంరక్షణ అధికారిణి. బిడ్డ ఆరోగ్యం ముడిపడిన ప్రతి కేసులోనూ ఆ మూల కుర్చీలో ఒకరు కూర్చోవాలని నియమం. ఇన్నేళ్ళలో ఆ కుర్చీలోంచి ఎవరూ పెద్దగా మాట్లాడింది లేదు. రిహార్సల్లో ఆ కుర్చీ వేయాలని కూడా ఎవరికీ తోచలేదు. శత్రువు ఏమంటాడో నూరు రకాలుగా ఊహించారు గానీ బిడ్డ మంచి కోరే మనిషి ఏమంటుందో ఒక్కరూ ఆలోచించలేదు.

"ఇప్పుడే విన్నాం, ఇంకొక్క రాత్రి కూడా ప్రమాదమేనని" అందావిడ. మాటలో కోపం లేదు, కరుకుదనం లేదు. "విన్నాక నేను ఊరుకోకూడదు. గోడ బాగయ్యేదాకా బాబుని మా కేంద్రానికి తీసుకెళ్తాను. ఈ సాయంత్రమే."

తల్లి ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక బిడ్డని రెండు చేతులా గుండెకి అదిమేసుకుంది. కారు కింద పడింది. వాడు "అమ్మా, నా కారు" అంటున్నా ఆమెకి వినపడలేదు.

ఇంటాయన లాయరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మాకేం అభ్యంతరం లేదు సార్! ఆ గది బిడ్డ ఉండదగ్గది కాదని మేమూ ఒప్పుకుంటున్నాం. బిడ్డని పంపించండి. ఆవిడ కూడా ఖాళీ చేసేస్తే మా కక్షిదారు రేపే పని మొదలెట్టిస్తారు."

తుపాను గొంతులో వెలక్కాయ పడింది. మేడం రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆన్చింది. లేవబోయింది. లేస్తే ఈ పిల్ల పని ఇంతటితో సరి, లేవకపోతే ఆ తల్లి కొంప మునుగుతుంది. అంతలో తుపానే, "కొంచెం విరామం ఇవ్వండి సార్" అంది. అధికారి సరేనన్నాడు.

వరండాలోకి రాగానే తల్లి విరుచుకుపడింది.

"నా నోటితోనే చెప్పించుకుని నా బిడ్డనే లాక్కుంటారా? నీకేం ద్రోహం చేశానే నేను? నోరు మూసుకుని నా మానాన నేనుంటే, అక్కా అక్కా అంటూ వెంటపడ్డావు కదే!"

"అక్కా, నేను అలా అనుకోలేదక్కా..."

"నువ్వేమనుకున్నావో నాకెందుకు? వాణ్ణి తీసుకెళ్తారా లేదా, అది చెప్పు!"

తుపాను గోడకి జారగిలబడిపోయింది. "మేడం, మీరు తీసుకోండి కేసు. నా వల్ల కాదు."

కత్తెర మేడానికి కావలసిందీ అదే, నిజం చెప్పాలంటే. నేను లేస్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కేసు ఆవిడదీ కాదు, తుపానుదీ కాదు. ఆ మాట క్లాసులో ఎన్నోసార్లు చెప్పింది, ఇప్పుడు పాటించాల్సి వచ్చేసరికి ప్రాణం మీదికొచ్చింది. తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, తప్పు ఈ పిల్లది ఒక్కదానిదే కాదు, దీన్ని తయారు చేసిన నాది కూడా. లోపల మీ తరఫున ఎవరు నిలబడాలో మీరే చెప్పాలి. నేనా, ఈ పిల్లా?"

"మీరు నిలబడితే వాణ్ణి నా దగ్గరే ఉంచుతారా?"

"ఉంచేలా చూస్తాను. ఖాయంగా అని మాత్రం చెప్పలేను."

తల్లి బిడ్డని భుజం మార్చుకుంది. వాడి వీపు నిమిరింది.

"అయితే ఇదే నిలబడాలి. పూచీ పడ్డది ఇదే కదా! నిలబెట్టుకోమనండి."

మేడం తుపాను భుజాలు పట్టుకుని నిటారుగా నిలబెట్టింది. "ఏడుపు తర్వాత. ఇందాక ఆ లాయరు సంబరంలో ఏం ఒప్పుకున్నాడో విన్నావా?"

తుపాను తెల్లముఖం వేసింది. తర్వాత మెల్లగా కళ్ళు పెద్దవయ్యాయి. "గది... ఉండదగ్గది కాదని."

"పద" అంది మేడం.

లోపలికెళ్ళాక తుపాను ముందుగా ఇంటాయన లాయరు జోలికి పోలేదు. తిన్నగా మూల కుర్చీ వైపు తిరిగింది. మేడం పై ప్రాణాలు పైనే పోయాయి. జవాబు తెలియని ప్రశ్న అడగొద్దని మొదటి రోజు నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఇదేం చేస్తోంది!

"మేడం, మీ కేంద్రంలో రాత్రిపూట పిల్లల దగ్గర ఎవరుంటారు?"

అధికారిణి ఆలోచించింది. "ఒక ఆయా ఉంటుంది."

"హాలు మొత్తానికీ ఒక్కరేనా?"

"ఒక్కరే."

"బాబుకి ఎగశ్వాస వస్తే అరవలేడు. గొంతు రాదు. పక్కన పడుకున్న మనిషికైతేనే తెలుస్తుంది. ఆ ఆయాకి తెలుస్తుందా?"

అధికారిణి అబద్ధం చెబితే అయిపోయేది. తెలుస్తుందని ఒక్క మాట అంటే చాలు.

"తెలియకపోవచ్చు" అందావిడ చివరికి. మంచి మనిషి, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

"వాళ్ళమ్మ వాడిని సరిగ్గా చూసుకోవడం లేదని మీకేమైనా ఫిర్యాదు ఉందా?"

"అబ్బే, లేదు. గది గురించే నా భయం."

"అంటే పొడిగా ఉన్న గది ఈ సాయంత్రమే దొరికితే బాబు వాళ్ళమ్మ దగ్గరే ఉండొచ్చా?"

"నిక్షేపంగా."

అప్పుడు తిరిగింది తుపాను ఇంటాయన వైపు. వరదలా పారలేదు ఈసారి, ఒక్కో మాటా ఏరి పెట్టింది. ఆ గది ఉండదగ్గది కాదని వాళ్ళ లాయరే ఇప్పుడు ఒప్పుకున్నాడు. ఉండదగ్గ గది ఇవ్వడం ఇంటాయన బాధ్యత. కాబట్టి గోడ బాగయ్యేదాకా ఇంకో గది ఆయనే ఏర్పాటు చెయ్యాలి, ఖాళీ చెయ్యమనకూడదు. లాయరు లేచి "నా ఉద్దేశం అది కాదు సార్" అన్నాడు. "అన్నది మాత్రం అదే" అన్నాడు అధికారి, కళ్ళజోడు పెట్టుకుంటూ. ఇంటాయన ముఖం మాడిపోయింది. ఆర్డరు అక్కడికక్కడే వచ్చింది. ఆ సాయంత్రం నుంచే ఆయన ఖర్చు మీద పొడి గది, బిడ్డ తల్లితోనే.

బయటికొచ్చాక తుపాను ముఖం వెలిగిపోతోంది, ముక్కు ఎర్రగా ఉంది. కింద పడ్డ కారు ఏరుకొచ్చి పిల్లవాడి చేతికిచ్చింది.

"అక్కా, కొత్త గది ఎలా ఉందో రేపొచ్చి చూడనా?"

తల్లి కొంగుతో కొడుకు ముఖం తుడిచింది. అరుస్తుందేమో అనుకుంది మేడం. అరవలేదు. అరిచినా బాగుండేది.

"వద్దమ్మా. నువ్వు నిలబెట్టుకున్నావు, నాకు తెలుసు. నీ మేలు మరిచిపోను. కానీ మా ఇంటి సంగతి ఇంక నీకు చెప్పను. ఎవరికీ చెప్పను. బాగుంటే ఉంటాం, బాగోకపోతే మా తిప్పలేవో మేమే పడతాం."

బిడ్డని ఎత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. వాడు తల్లి భుజం మీంచి తుపానుకి చెయ్యి ఊపాడు.

తుపాను వరండాలో బల్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. కేసు గెలిచారు, సరే. రేపు కొత్త గదిలో వాడికి మళ్ళీ ఆయాసం వస్తే ఆ తల్లి ఎవరికి చెబుతుంది? ఎవరికీ చెప్పదు. ఆ పిల్లాడి ఊపిరికి అడ్డంగా ఉన్న ఇంకో గోడని వీళ్ళిద్దరే కట్టారు, ఇటుక మీద ఇటుక పేర్చి మరీ.

పక్కన కూర్చుంది. తల మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళలో ఏ విద్యార్థి తల మీదా అలా చెయ్యి వేసింది లేదు.

"ఏడువు, ఫర్వాలేదు. రేపు మనిద్దరం వెళ్దాం."

"వద్దంది కదా మేడం."

"వద్దంటే గుమ్మం బయటే నిలబడదాం. వాడికెలా ఉందో అడిగి, తిడితే తిట్లు తిని వచ్చేద్దాం. కేసు సంగతి ఎత్తొద్దు."

"తలుపే తియ్యకపోతే?"

"పై వారం మళ్ళీ వెళ్దాం" అంది కత్తెర మేడం.