చప్పుడు రాకుండా దూకాలి

నాకు ముక్కు మీద కోపమని మా ఆయన దగ్గర్నుంచి మా స్కూలు ఊడ్చే ఈరమ్మ దాకా అందరూ అంటారు. అననివ్వండి. తొంభై తొమ్మిది జూలైలో ఆ సోమవారం వచ్చిన కోపం మాత్రం ముక్కు మీద ఆగలేదు.

శంషాబాద్ నుంచి మహేశ్వరం వెళ్ళే దారిలో మాది చిన్న ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ప్రహరీ లేని అరెకరం నేల. డ్రిల్లు మాస్టారు లేడు కాబట్టి పిల్లలకి దూకడం, అడుగులు వేయడం నేనే నేర్పేదాన్ని. బడికి వెల్ల వేయగా మిగిలిన సున్నంతో ముందు వైపు పన్నెండు గళ్ళు గీశాను. ఒక గడిలో ఒంటికాలు, ఇంకో గడిలో రెండు కాళ్ళు, తర్వాత పక్కకి, ఆ తర్వాత వెనక్కి. నా నియమం ఒక్కటే, దిగినప్పుడు చప్పుడు రాకూడదు. ముందు మునివేళ్ళు ఆనాలి, వెంటనే మోకాళ్ళు వంగాలి. "పిల్లి గోడ దిగినట్టు దిగండర్రా!" అని రోజుకి వందసార్లు అరిచేదాన్ని.

మూడో తరగతి శిరీషకి అదే రాలేదు. కాళ్ళు బిగబట్టి ధన్‌మని దిగేది, మోకాళ్ళు నొప్పెట్టి ఏడ్చేది. మూడు వారాలు దాని వెంట పడ్డాను. శనివారం నాడు గీతలు కొత్తగా దిద్దాక, పన్నెండు గళ్ళూ చప్పుడు లేకుండా దూకి, ఆఖరి గడిలో నిలబడి నన్ను చూసి నవ్వింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సోమవారం ఒకటో తరగతి పిల్లలకి నువ్వే దూకి చూపించాలని చెప్పాను.

సోమవారం రాజేంద్రనగర్ నుంచి బస్సు పట్టుకుని వచ్చేసరికి గళ్ళు లేవు. ముందు వైపు నేలంతా నాగలితో దున్నేసి ఉంది. శిరీష గుమ్మంలో కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. పక్కనే ఎడ్లను పట్టుకుని దాని తాత మొగులయ్య.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీకు మతి ఉందా? పిల్లలు ఆడుకునే చోట నాగలి తోలతారా? మనవరాలి నోటి దగ్గర కూడు లాగేసినట్టు చేశారు కదండీ!"

ఆయన తగ్గలేదు. "నా మీద ఒర్రకు టీచరమ్మా. తెల్ల గీతలు జూస్తే నాకు పానం ఆగలే. మా జొన్న చెల్క మీద గూడ ఒకనాడు పొద్దుగాల గిట్లనే గీతలుండె. పిల్లగాండ్లు ఆడుకుంటానికి గీసుకున్నరనుకొని ఊకున్న. నాలుగొద్దులకు హద్దు రాళ్ళొచ్చినయి. ఆర్నెల్లకు ప్లాట్లయిపాయె. ఇగ ఈ బడి జాగ గూడ పోతదనుకున్న. అందుకే దున్నిన."

"ఇవి పిల్లల గీతలే! నేను గీసినవి!"

"పిల్లల గీతలైతే రాళ్ళెందుకు పాతినవ్?"

"రాళ్ళా? నేనెక్కడ పాతాను?"

"బడెనుక పాతలేదా? ముందల దున్ని ఎనుకకు వోతే, ఆడ రాయి తగిలే నా కర్రు ఇరిగింది. జూడు." నాగలి ఎత్తి, విరిగిన ఇనుప మొన చూపించాడు.

పరుగెత్తాను. బడి వెనుక, పిల్లలు మధ్యాహ్నం పరుగు పందేలు పెట్టుకునే నేల మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా తెల్ల గీతలు. మూలమూలకీ ఎర్ర రంగు పూసిన రాయి. గీతల పక్కన ఖాళీ బకెట్టు బోర్లా పడి ఉంది. దాని మీద మా స్కూలు పేరు నా చేత్తో రాసిందే.

అప్పుడు గుర్తొచ్చింది. శనివారం ప్లాట్లు అమ్మే గోపయ్య స్కూటరాపి, "టీచరమ్మా, జర సున్నం మిగిలితే ఇస్తరా, ఇంటికాడ గోడకు" అన్నాడు. "దానికేం భాగ్యం, తీసుకెళ్ళండి" అని బకెట్టుతో సహా ఇచ్చాను. పైగా గీత వంకరపోకుండా తాడు ఎలా కట్టాలో అడిగితే అదీ చూపించాను! నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

హెడ్మాస్టరు వరప్రసాద్ గారిని పట్టుకున్నాను. ఆయన హాజరు పట్టీ తిరగేస్తూనే అన్నారు.

"గోపయ్య శనివారమే చెప్పాడండీ. ఆ నేలకి స్కూలు పేర కాగితం లేదట. విమానాశ్రయం వస్తుందంటున్నారు, రేట్లు పెరుగుతాయి. మనం ట్రాన్స్‌ఫర్ మీద పోయేవాళ్ళం, మనకెందుకు చెప్పండి?"

"మనకెందుకేమిటండీ! తెలిసి కూడా నోరు మూసుకున్నారా? సిగ్గుందా మీకు?"

జీవితంలో పై అధికారిని అంత మాట అనలేదు. అన్నాను. బాగా అన్నాను.

బయటికొచ్చి మొగులయ్య ముందు నిలబడ్డాను. "తప్పు నాది, పెద్దాయనా. ఆ సున్నం నేనిచ్చిందే. గడ్డపార ఉందా?"

ఆయన నాగలి కింద పెట్టాడు. "గడ్డపారకేం తక్వ" అని, ఎడ్లను శిరీషకిచ్చి ఇంటికి పోయి తెచ్చాడు. మొదటి రాయి పెకిలేసరికి ఊళ్ళోంచి ఇంకో ఇద్దరొచ్చారు.

నేను గంట కొట్టించాను. అరవై మంది పిల్లలని వెనుక గీతల మీద వరసగా నిలబెట్టాను. శిరీష ఎడ్లను కట్టేసి వచ్చి వరసలో చేరింది.

"వినండర్రా. ఇన్నాళ్ళూ చప్పుడు రాకూడదని చెప్పాను కదా? ఇవాళ రావాలి. రెండు కాళ్ళూ కలిపి, ఈ గీతల మీద, సున్నం కనపడకుండా పోయే దాకా. దూకండి!"

దూకారు. అబ్బ, ఏం దూకారు! తడి మట్టిలో సున్నం కలిసిపోయి బురదైంది. ఈరమ్మ కూడా చీపురు పక్కన పడేసి రెండు దూకులు దూకింది. మొగులయ్య గడ్డపార ఆనుకుని, నోరు తెరిచి చూస్తున్నాడు.

ఆ చప్పుడుకో, ఎవరైనా చెప్పారో, గోపయ్య స్కూటరు మీద ఊడిపడ్డాడు. దిగి, ఇస్త్రీ ప్యాంటు పైకి లాక్కుంటూ సరాసరి లోపలికొచ్చాడు.

"ఏంది టీచరమ్మా గిది? పరేషాన్ జేస్తున్నరు! ఎవల జాగనుకుంటున్నరు?"

"డ్రిల్లు పీరియడ్" అన్నాను. "ఊరంతా వేలిముద్రలు వేసి కలెక్టరుకి పెట్టే అర్జీలో నీ పేరు మొదటి వరసలో రాస్తున్నా. ముందు పక్కకి జరుగు. గీత మీద నిలబడ్డావు."

గోపయ్య మొగులయ్య చేతిలోని గడ్డపార చూశాడు, పిల్లల్ని చూశాడు. కాలు వెనక్కి తీశాడు.

ఆయన కాలు తీసిన చోట, శిరీష మోకాళ్ళు వంచకుండా, కాళ్ళు బిగబట్టి, ధన్‌మని దిగింది.