బిస్కెట్ డబ్బాలో రెగ్యులేటర్

మా కారులో హారన్, వైపర్, కుడివైపు తిరిగే లైటు మూడూ ఒకేసారి పనిచేయవు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. వానలో కుడివైపు తిరగాల్సి వచ్చి, సరిగ్గా అప్పుడే ఎదురుగా ఎవరైనా నిలబడి ఉంటే ఏం చేయాలో మీరే చెప్పండి. నేనైతే తిన్నగా వెళ్లిపోతాను. అలా వెళ్లిపోయి, నాలుగు వీధుల అవతల నుంచి ఎడమవైపు మలుపులు మాత్రమే తిరుగుతూ ఇల్లు చేరిన రోజులు చాలా ఉన్నాయి. "పాల ప్యాకెట్‌కి గంటన్నరా?" అని మా ఆవిడ అడుగుతుంది. "వాన పడింది" అంటాను. ఆమెకి అర్థమైపోతుంది.

ఈ కారుకి అరవై ఏళ్లు పైమాటే. నడుస్తున్నంతసేపు మా అపార్ట్‌మెంట్ వాళ్లు దాన్ని "వింటేజ్ కారు" అంటారు. ఆగిపోతే "ఆ డొక్కు" అంటారు. నెట్టేటప్పుడు మాత్రం ఏమీ అనరు, ఊపిరి చాలదు.

కారు మా మామగారిది. ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ముప్పై ఒక్క ఏళ్లు ఊళ్లో లిఫ్టులన్నిటికీ చెవి ఆనించి, "ఇది బాగుంది, ఇది బాగాలేదు" అని తేల్చిన మనిషి. దేన్నైనా చూడడం కన్నా వినడం మీదే ఆయనకి నమ్మకం. మా ఇంటికి వస్తే ముందు ఫ్రిజ్‌ని పలకరిస్తారు. తర్వాత కూతుర్ని. ఆ తర్వాత, తీరికుంటే, నన్ను.

రెండేళ్ల క్రితం నడుం వంచకూడదని డాక్టర్ చెప్పాక, బానెట్ మీదికి వంగలేని వాడికి కారెందుకని ఆయన దాన్ని మాకిచ్చేశారు. తాళాలతో పాటు రెండు పేజీల షరతులు కూడా ఇచ్చారు. కింద తన పాత ఆఫీసు పద్ధతిలో సంతకం, తేదీ, సమయం. వాటిలో నాలుగో షరతు కింద ఎర్ర సిరాతో రెండు గీతలున్నాయి: "రెగ్యులేటర్ మార్చరాదు."

రెగ్యులేటర్ అంటే ఏమిటో నాకూ అప్పటిదాకా తెలియదు. ఇంజను తిరిగితే పక్కనున్న డైనమో కరెంటు పుట్టిస్తుంది. ఇంజను పరిగెత్తితే బోలెడు కరెంటు, నడిస్తే కాస్త కరెంటు. ఈ హెచ్చుతగ్గుల్ని సర్ది బ్యాటరీకి కావలసినంతే పంపడం, బండి మెల్లగా ఉన్నప్పుడు బ్యాటరీలో ఉన్నది కాస్తా వెనక్కి డైనమోలోకి కారిపోకుండా తలుపు వేయడం, ఈ రెండూ రెగ్యులేటర్ చేసే పనులు. మా ఇంట్లో ఈ రెండు పనులూ మా ఆవిడ చేస్తుంది. కారులో అరచేయంత నల్ల డబ్బా చేస్తుంది. మూత తీస్తే లోపల రెండు చుట్టల రాగి తీగ, చిన్న చిన్న రేకులు, స్ప్రింగులు. బండి వేగం అందుకోగానే ఒక రేకు వెళ్లి ఇంకో రేకుకి ఠక్‌మని అంటుకుంటుంది.

ఆ ఠక్ అంటే మా మామగారికి ప్రాణం. నలభై ఏళ్లపాటు ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ రేకులకి పట్టే మసి పోయేలా ఆయనే ఎమరీ పేపర్, అంటే గరుకు కాగితం ముక్కతో రుద్దుకున్నారు. ఇప్పుడు మొదటి ఆదివారం తొమ్మిదింటికి మా ఇంటికి వస్తారు. నేను వంగి రుద్దుతాను. ఆయన నిటారుగా నిలబడి తప్పులు పడతారు. తర్వాత ఇద్దరం కారెక్కి ఒక చుట్టు తిరిగి వస్తాం. ఠక్‌మన్నప్పుడల్లా ఆయన కళ్లు మూసుకుంటారు. నెలంతా ఆయన ఎదురుచూసేది ఆ ఇరవై నిమిషాల కోసమేనని మా ఆవిడ అంటుంది.

ఇంతకీ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఒక మొదటి ఆదివారం ఆయన కాఫీకి లోపలికి వెళ్లినప్పుడు, లోపలి స్ప్రింగుని ఎందుకైనా మంచిదని కొంచెం బిగించాను. మా ఇంట్లో పనులన్నీ ఎందుకైనా మంచిదనే జరుగుతాయి. తాళం వేశాక ఎందుకైనా మంచిదని నాలుగుసార్లు లాగుతాం. రిమోట్‌కి ఎందుకైనా మంచిదని రెండు కవర్లు. అలాంటి ఇంటి యజమాని చేతికి స్క్రూడ్రైవర్ దొరికితే ఊరుకుంటాడా?

ఆ రోజు చుట్టు బాగానే తిరిగాం. మర్నాడు పొగమంచులో లైట్లు వేసుకుని ఆఫీసుకి బయల్దేరితే హెడ్‌లైట్లు ముందెన్నడూ లేనంత తెల్లగా వెలిగాయి. ఎంత బాగు చేశాను అనుకున్నాను. మూడో వీధిలో అవి రెండూ మాడిపోయాయి. ఐదో వీధిలో బ్యాటరీ గిన్నెలో నీళ్లలా మరిగింది. ఆఫీసు గేటు దగ్గర నల్ల డబ్బాలోంచి పొగ వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ "సార్, వంట ఇక్కడే చేసుకుంటున్నారా?" అన్నాడు.

డబ్బా విప్పుకుని వైండింగ్ అక్క షాపుకి పరిగెత్తాను. పాత డైనమోలకి తీగ చుట్టేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. షాపు నిండా మేకులకి వేలాడే రాగి చుట్టలు, బల్ల మీద కడుపు విప్పిన డైనమో, వచ్చినవాళ్లు కూర్చోవడానికి మూడున్నర కాళ్ల స్టూలు. అక్క కళ్లజోడు నుదుటి మీదికి జరిపి డబ్బాలోకి తొంగిచూసింది.

"ఏం చేశావ్ తమ్ముడూ దీన్ని?"

"ఏం లేదక్కా. కొద్దిగా బిగించాను."

"కొద్దిగా అంటే?"

"ఎందుకైనా మంచిదని... ఒక రెండు చుట్లు."

"ఎందుకైనా మంచిదని చొక్కాకి బొత్తాలు కూడా రెండేసి కుట్టించుకుంటావా ఏంటి?"

నిజానికి ఒక బొత్తం అదనంగా లోపల కుట్టించుకుంటాను. ఆ సంగతి చెప్పలేదు.

తీగ మాడిపోయింది, రేకులు వంకరపోయాయి, ఇక ఇది పనికిరాదని తేల్చేసింది అక్క. అచ్చం ఇలాంటిది ఎక్కడా దొరకదట. "దిగులుపడకు. ఇదే డబ్బాలో ఎలక్ట్రానిక్‌ది పెట్టిస్తా. పైకి ఇదే మూత, ఇవే స్క్రూలు. నీకు తెలుసు, నాకు తెలుసు, అంతే. పాత కార్లవాళ్లు సగంమంది చేసేది ఇదే. పైకి చెప్పరు."

"శబ్దం వస్తుందా అక్కా?"

"ఎలక్ట్రానిక్ దానికి శబ్దమేంటి?"

"మా మామగారు లిఫ్టుల ఇన్‌స్పెక్టర్‌గా చేశారు, చెవిపెట్టి వింటారు. ఠక్‌మనాలి."

అక్క చేతిలో పని ఆపి నా వైపు చూసింది. "అంటే కరెంటు సరిగ్గా ఇవ్వాలి, పైగా అబద్ధం కూడా ఆడాలి."

"అంతే అక్కా."

సాయంత్రానికల్లా రెండూ చేసింది. బ్యాటరీకి కరెంటు పోవడం మొదలవగానే ఠక్‌మనే చిన్న రిలే ఒకటి మూలన అతికించింది. "దీనివల్ల ఏ పనీ జరగదు, ఊరికే చప్పుడు చేస్తుంది. అచ్చం మా ఆయనే" అంది.

"ఆయన మూత తీస్తే?"

"తీయడు. సీలు వేస్తా."

"తీస్తారక్కా. నలభై ఏళ్ల అలవాటు."

"లిఫ్టుల ఇన్‌స్పెక్టర్ అన్నావుగా? నీ పీక తెంపినా తెంపుతాడు గానీ సీలు తెంపడు, చూడు." మూతకి సన్నటి తీగ కట్టి, చివర సీసం బిళ్ల పెట్టి పట్టకారుతో నొక్కేసింది.

మాడిపోయిన పాత సరుకుని పారేయడానికి నాకు మనసొప్పలేదు. ఇంటికి తెచ్చి బిస్కెట్ల డబ్బాలో పెట్టి, లోపలి గదిలో పాత పేపర్ల వెనక దాచాను. మా ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో బిస్కెట్లు ఉన్న రోజు లేదు. ఒకదాంట్లో దారాలు, ఒకదాంట్లో బొత్తాలు, ఒకదాంట్లో పాత సెల్‌ఫోన్ చార్జర్లు. నాలుగోదాని జోలికి ఎవరొస్తారు?

భయం మాత్రం పోలేదు. నిజం తెలిస్తే మామగారు నన్ను తిట్టరు. తిడితే బాగుండును. మారుమాట లేకుండా తాళాలు తీసుకుని వెళ్లిపోతారు. ఆ తర్వాత మా ఇంటికి వచ్చినా ఫ్రిజ్‌ని కూడా పలకరించరు. మొదటి ఆదివారాలు ఉండవు. నేను చెప్పిందంతా విని "చూసుకోండి మరి" అంది మా ఆవిడ. ఆమె మందలింపులో అంతకంటే ఎక్కువ మాటలుండవు.

మొదటి ఆదివారం తొమ్మిదింటికి మామగారు రానే వచ్చారు. బానెట్ ఎత్తాను. ఎమరీ పేపర్ ముక్క నా చేతికి అందించబోయి ఆగారు.

"ఇదేంటి అల్లుడుగారూ?"

"సీలు, మామయ్యగారూ."

"ఎవరు వేశారు?"

"వైండింగ్ అక్క. పూర్తిగా సర్వీసింగ్ చేసి, టెస్ట్ చేసి వేసింది. ఏడాదిదాకా విప్పొద్దంది."

ఆయన సీసం బిళ్లని దగ్గరగా చూశారు. బొటనవేలితో తడిమారు. నేను ఎందుకైనా మంచిదని బానెట్ కడ్డీ పట్టుకున్నాను.

"బాగా వేసింది" అన్నారు చివరికి. "తీగ మెలిక మా డిపార్ట్‌మెంట్‌లో కూడా ఇంత శుభ్రంగా ఉండేది కాదు. సీలు సీలే. విప్పకూడదు." ఎమరీ పేపర్ ముక్కని మడిచి జేబులో పెట్టుకున్నారు. పెట్టుకుని, ఆ జేబు మీద ఒకసారి చెయ్యి వేసుకున్నారు. అది చూశాక నాకు గెలిచానన్న సంతోషం కలగలేదు.

కారెక్కాం. వీధి చివర వేగం అందుకోగానే ఠక్‌మంది. మీటరు ముల్లు కుడివైపుకి వాలింది. మామగారు కళ్లు మూసుకున్నారు. మళ్లీ తెరిచారు.

"చాలా క్రమంగా కొడుతోందే!"

"అవునండీ."

"పాతది... అంటే, ఇదే లెండి, ఇదివరకు కాస్త తడబడేది."

"సర్వీసింగ్ అయింది కదండీ."

"అయింది, అయింది" అన్నారాయన. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

రెండో నెల నుంచి మామగారు ఎనిమిదింటికే రావడం మొదలెట్టారు. "పేపర్ చదువుకుంటాను" అని లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటారు. పేపరు హాల్లోనే ఉంటుంది. పోనీలే, పాత పేపర్లు చదువుతున్నారేమో, వయసు మీద పడితే తాజా వార్తలు పడవేమో అనుకున్నాను.

మూడో నెలలో నా చొక్కా బొత్తం ఊడింది. అదనపు బొత్తం కూడా ఊడింది. బొత్తాల డబ్బా అనుకుని నాలుగో డబ్బా తీశాను. తీసి అలాగే నేల మీద కూలబడ్డాను.

మాడి మసిబారిన రేకులన్నీ మెరుస్తున్నాయి. వంకరలు సాపయ్యాయి. స్ప్రింగు, నేను బిగించిన ఆ స్ప్రింగు, సరిగ్గా రెండు చుట్లు వదులై ఉంది. కింద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. పక్కన మడిచిన ఎమరీ పేపర్ ముక్క.

మా ఆవిడని అడిగాను. "నాకేం తెలుసు?" అంది. అయితే ఎవరన్నది ప్రశ్నే కాదు. ఆ డబ్బా ఆయన ఎందుకు తెరిచారన్నదే ప్రశ్న. అదీ వెంటనే తెలిసిపోయింది. ఆయనకి షుగరు. కూతురు ఆయన్ని బిస్కెట్ల ఛాయలకి కూడా వెళ్లనివ్వదు. పాత పేపర్ల వెనక దాచిపెట్టిన బిస్కెట్ల డబ్బా కనిపిస్తే ఏ షుగరు మనిషి ఊరుకుంటాడు? రెగ్యులేటర్ సంగతి అడగాలంటే బిస్కెట్ల సంగతి ఒప్పుకోవాలి. అందుకే ఆయన నోరు విప్పలేదు. నేనెందుకు విప్పలేదో మీకు తెలుసు.

ఇంకో సంగతి కూడా ఆ నేల మీద కూర్చునే తట్టింది. బానెట్ మీదికైతే ఆయన వంగలేరు. డబ్బా మంచం మీద పెట్టుకుంటే వంగక్కర్లేదు. రెండేళ్ల తర్వాత ఆయన పని ఆయన చేతికి తిరిగొచ్చింది.

అప్పటినుంచి మా మొదటి ఆదివారాలు మహా హాయిగా జరుగుతున్నాయి. ఎనిమిదింటికి ఆయన లోపలికి వెళ్తారు. నేను వంటింట్లో కుళాయి విప్పి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతుంటాను. లోపలి నుంచి సర్... సర్... అని వినిపిస్తుంటుంది.

"ఏవండీ, నాన్న లోపల చదువుతున్నారా, గీకుతున్నారా?" అంటుంది మా ఆవిడ.

"చదువుతున్నారు."

"చదివితే చప్పుడెందుకొస్తుంది?"

"అక్షరాలు గరుగ్గా ఉన్నాయేమో."

ఆమె నా వైపు ఒక్క క్షణం చూసి కుళాయి ఇంకాస్త పెద్దది చేస్తుంది. తొమ్మిదింటికి నేను గట్టిగా రెండుసార్లు దగ్గుతాను. లోపల డబ్బా మూత పడుతుంది. ఆయన వేళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చి "దేశం ఎటు పోతోందో అల్లుడుగారూ" అంటారు. ఇద్దరం కారెక్కుతాం. ఠక్‌మంటుంది. ఆయన కళ్లు మూసుకుంటారు. వాన లేకపోతే కుడివైపు కూడా తిరుగుతాం.

ఇంత సుఖంగా ఉన్నప్పుడు ఇక మీ దగ్గరికి ఎందుకొచ్చానంటే, నిన్న డబ్బా తీసి చూశాను. ఎమరీ పేపర్ పూర్తిగా అరిగిపోయింది. గరుకన్నదే లేదు, పట్టుగుడ్డలా ఉంది. ఆ నడుంతో ఆయన హార్డ్‌వేర్ షాపు మెట్లెక్కలేరు. నన్ను తెమ్మని అడగలేరు, సీలు వేసిన రెగ్యులేటర్‌కి ఎమరీ పేపర్ ఎందుకని నేను అడగాల్సి వస్తుంది. నేనే తెచ్చి డబ్బాలో పెడితే, నాకు తెలుసని ఆయనకి తెలిసిపోతుంది. పెట్టకపోతే ఆదివారం పూట ఆయన చేతికి పని ఉండదు, రేకులు మళ్లీ మసకబారతాయి. ఎందుకైనా మంచిదని రెండు షీట్లు కొని చొక్కా లోపల పెట్టుకుని తిరుగుతున్నాను, గుచ్చుకుంటోంది. కొత్తదాన్ని పాతదిలా కనిపించేలా కాస్త అరగదీసి పెడదామా అని కూడా ఆలోచించాను. ఎంత అరగదీయాలో తెలియడం లేదు. వచ్చే ఆదివారమే మొదటి ఆదివారం. మీ ఇళ్లలోనూ మామగార్లుంటారు, డబ్బాలుంటాయి. పెట్టమంటారా, వద్దంటారా? దయచేసి శనివారంలోగా చెప్పండి, మీకు పుణ్యముంటుంది.